కాగితంలో దాగిన ఇల్లు

దగ్గరకు జరగండి. ఆ కుర్చీ ఇటు లాగు తల్లీ, పొయ్యి పక్కకు. నా గొంతు ఈమధ్య దూరం పోవడం లేదు. భయం కథ కావాలన్నారు కదా, చెబుతాను. దయ్యాల కథ మాత్రం కాదు. మా అన్స్-నువార్ రేవులో సముద్రంలో పోయినవాళ్ల దయ్యం ఇంటికొకటి ఉండేది, వాటికి మేం అలవాటు పడిపోయాం. నా బతుకులో అన్నిటికంటే ఎక్కువగా నేను భయపడింది ఒక కాగితానికి. అర ఠావు కాగితం, ఒకవైపే రాత.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ముగ్గురు పిల్లలు, నాలుగోది కడుపులో. మీ తాత ఫిదేల్‌కి ఒక పడవ, సముద్రపు పెద్ద రొయ్యల్ని పట్టే నూట ఇరవై లాబ్‌స్టర్ బోనులు. ఇల్లు మాత్రం నాది. మా నాన్న ప్లాసిడ్ తన చేతులతో కట్టి, కొడుకులు లేక, పోయే ముందు నా పేరున పెట్టించాడు. నా పేరున ఈ లోకంలో ఉన్నది అదొక్కటే.

రేవు మొత్తానికి కొట్టు ఒకటే, లెబ్రోక్ దొరది. మంచు కరిగే రోజుల్లో తాడు, మేకులు, పిండి, టీ ఆకు, బెల్లపు పాకం అన్నీ ఆయనే ఇచ్చేవాడు. వేసవంతా పట్టిన లాబ్‌స్టర్లూ చేపలూ ఆయనే తీసుకునేవాడు. ధర ఆయన నోట్లోంచి వచ్చిందే ధర. ఆకులు రాలే కాలానికి పెద్ద పుస్తకం తెరిచి, వేలు కిందికి జార్చి, ఇంకా కాస్త మిగిలింది, ఏం ఫర్వాలేదులే అనేవాడు. ఆ కాస్త ఎంతో ఎవరూ అడిగేవారు కాదు. ఖాతా చూపించమని అడగడమంటే ఎదుటివాణ్ణి మొహం మీద దొంగా అని పిలవడమేనని మా పెద్దల నమ్మకం. మా మామగారు నలభై ఏళ్లు ఆ కొట్టుకు చేపలు పోశాడు, ఒక్కసారి లెక్క అడగలేదు. ఆయన పోయిన రోజున శవం పక్కన కూర్చుని జనం చెప్పుకున్న గొప్ప అదే. ఎంత మర్యాదస్తుడో అన్నారు. నేనూ తలాడించాను.

దొర మాతో మా ఫ్రెంచిలోనే మాట్లాడేవాడు, కాగితాలు మాత్రం ఇంగ్లీషులో రాసేవాడు. ఆయన వేలు పెట్టిన చోట మేం సిలువ గుర్తు గీసేవాళ్లం. నొసటి మీద సిలువ వేసుకున్నంత అలవాటుగా గీసేవాళ్లం.

ఆ ఏడాది చలికాలం ముందు మా గుడి ఫాదర్ పరపతి సంఘం సంగతి తెచ్చాడు. పక్క రేవుల్లో జాలర్లు వారానికి ఐదేసి సెంట్లు వేసుకుంటున్నారనీ, అవసరం పడినవాడికి అందులోంచే తక్కువ వడ్డీకి ఇచ్చుకుంటున్నారనీ చెప్పాడు. డబ్బా ఇవాళే పెడదాం అని మేం సంబరపడితే ఆయన ఒప్పుకోలేదు. ముందు ఒక చలికాలమంతా కూర్చుని చదువుకోవాలి, వడ్డీ ఎలా పెరుగుతుందో, కాగితంలో ఏం రాస్తారో, మన ఇంటి ఖర్చు మనకే ఎంత తెలుసో తేల్చుకోవాలి, అది తెలియకుండా డబ్బాలో డబ్బులు వేస్తే మీరు ఇంకో లెబ్రోక్ కొట్టు కట్టుకున్నట్టే అన్నాడు. డబ్బులు వేసుకుంటూ ఉండండి, అప్పు మాత్రం చదువు అయ్యాకే అన్నాడు.

చదువు ఎక్కడ, ఎలా? మగవాళ్లు నలుగురు ఒకచోట చేరితే గంటలో కొట్టు గుమస్తాకి తెలిసిపోయేది. సంఘం అన్న మాట చెవిన పడితే చాలు, దొర ఖాతా మూసేస్తాడు. మార్చిలో ఖాతా మూసేయడమంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకు మూడేళ్ల కింద ఒక కుటుంబానికి మూశాడు. వాళ్ల చిన్నపిల్లల్ని ఇద్దరిని మంచు కరగకముందే పూడ్చాం. నేల గడ్డకట్టుకుపోయి ఉంటే మీ తాత గొడ్డలితో గొయ్యి తవ్వాడు.

ఆడవాళ్లు చేరితే మాత్రం ఎవరూ పట్టించుకోరు. చలికాలంలో చెక్క చట్రానికి గోనెపట్టా బిగించి చుట్టూ కూర్చుని, పాత ఉన్ని పీలికల్ని కొక్కెంతో పైకి లాగి తివాచీలు చేయడం మాకు వాడుకే కదా. పైగా ఆ తివాచీలు తీసుకునేది లెబ్రోక్ దొరసానే. అందుకని ఆదివారం పూజ అయ్యాక మా ఆడపడుచు దొమితీల్ వంటింట్లో ఎనిమిదిమందిమి చేరేవాళ్లం. బడి పంతులమ్మ మార్సెలీన్ ఒళ్లో ఉన్ని ఉండలు పెట్టుకుని, వాటి కింద పుస్తకం పెట్టుకుని చదివేది. పెళ్లి కాని మనిషి, మాట కత్తిలా ఉండేది. డాలరుకి నెలకు రెండు సెంట్ల వడ్డీ అంటే తక్కువే కదా అన్నాను నేను ఒకరోజు. డాలరుకి వంద సెంట్లని మార్సెలీన్ నా చేత గోనె మీద తెల్ల ఉన్నితో వంద ముడులు లాగించింది. వాటి పక్కన నెలకు రెండు చొప్పున ఎర్రవి లాగమంది. ఏడాదికి ఇరవై నాలుగు వచ్చాయి. నాలుగేళ్లు లాగేసరికి తెల్లవాటి పక్కన ఇంచుమించు అంతే ఎర్రగా నిండిపోయింది.  దొర మా దగ్గర తీసుకునేది నెలకు మూడు అని ఆ తర్వాత తెలిసింది.

ఇంగ్లీషు మాటలు కూడా అలాగే నేర్పింది. మొత్తం భాష నేర్పడం తన వల్ల కాదు, కాగితంలో భయపడాల్సిన మాటలు ఐదు నేర్పుతానంది. ఇల్లు, పడవ, నేల, అప్పు, అమ్మకం. ఆ ఐదూ మా ఫ్రెంచిలో ఎలా ఉంటాయో, ఎవరి పేరు వాళ్లు ఎలా రాసుకోవాలో కూడా చూపించింది. ఆ మాటల్ని బొమ్మల్లాగా ఉన్నితో గోనె మీద దించేవాళ్లం, లేచే ముందు పీకేసేవాళ్లం. ఇంగ్లీషులో ఇల్లు అనే మాట మొదటి అక్షరానికి రెండు గుంజలు, మధ్యలో అడ్డకర్ర ఉండేది, చేపలు ఎండబెట్టే పందిరిలాగా. దాని వెనక నాలుగు అక్షరాలు.

దొమితీల్ మూతి తిప్పుకుంటూ, "నా మొగుడి పేరు రాయడం రాదు గానీ నా కొంప మునిగే మాట రాయడం వచ్చేసింది," అంది.

"నీ మొగుడి పేరు వస్తే ఏం చేస్తావే, ముందు కొంప నిలబెట్టుకో," అంది మార్సెలీన్.

జనవరిలో ఒక ఆదివారం చట్రం మీద ఆ మాటలు రెండు ఎర్రగా కూర్చుని ఉండగా తలుపు తెరుచుకుంది. లెబ్రోక్ దొరసాని. వసంతానికి ఎన్ని తివాచీలు వస్తాయో చూసిపోదామని వచ్చిందట. బూట్ల మంచు దులుపుకుంటోంది. మేం ఎనిమిదిమందిమీ రాళ్లలా అయిపోయాం. దొమితీల్ ఒక్కతే కదిలింది. నా ఒళ్లోంచి రెండేళ్ల లియోనీని, అంటే మీ పెద్దమ్మని, లాక్కుని తీసుకెళ్లి ఆ అక్షరాల మీద కూర్చోబెట్టింది. అది బెదిరిపోయి అక్కడే పోసేసింది. దొరసాని ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసి, ఈ ఒక్కటీ మాకొద్దు అని వెళ్లిపోయింది. ఆమె మంచుబండి గంటలు వినపడనంత దూరం పోయాక కూడా ఎవరూ నవ్వలేదు. 

మార్చి వచ్చింది. బోనులు బాగుచేస్తుంటే మీ తాత అరచేతిలో తుప్పుపట్టిన మేకు దిగింది. మూడో రోజుకి చెయ్యి మోచేతి దాకా వాచింది, వాసన వేసింది. మనిషి జ్వరంతో మంచం మీద. పిండి పీపాలో చెయ్యి పెడితే అడుగు చెక్క తగులుతోంది. శుక్రవారం పొద్దున గుమస్తా వచ్చాడు. దొరగారికి సంగతి తెలిసిందనీ, పిండి ఇస్తారనీ, పట్నం నుంచి డాక్టర్ని పిలిపిస్తారనీ, వసంతానికి తాడు కూడా ఇస్తారనీ చెప్పాడు. రేపు మీ ఆవిడ వచ్చి ఒక గుర్తు పెడితే చాలు అన్నాడు.

మా ఆవిడా, నేను కాదా అని మీ తాత అడగలేదు. ఒంట్లో బాగాలేదు కాబట్టి అనుకున్నాడు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. పదేళ్ల కాపురంలో దొర నా గుర్తు ఎప్పుడూ అడగలేదు.

నేను మార్సెలీన్‌ని కనుక్కుని వస్తానన్నాను. మీ తాత నా శాలువా పట్టుకున్నాడు. "ఏమీ అడగకు జేలీ. నీ కాళ్లు పట్టుకుంటాను. గుర్తు పెట్టి పిండి తీసుకురా." ఆ మనిషి అంతకుముందెప్పుడూ నన్ను దేనికీ బతిమాలలేదు.

శనివారం కొట్టులో పొయ్యి చుట్టూ ఆరుగురు మగవాళ్లున్నారు. అందరూ మావాళ్లే. దొర లేచి నిలబడి నా కడుపు చూసి కుర్చీ వేయించాడు, మీ ఆయనకి ఎలా ఉందన్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. బల్ల పక్కన పిండి పీపా అప్పటికే పెట్టించి ఉంచాడు. దాని మీద కలం. దాని పక్కన కాగితం.

"పిండికీ డాక్టరుకీ తాడుకీ, అంతేనమ్మా. ఇక్కడ గుర్తు పెట్టు," అన్నాడు.

నేను కలం తీసుకున్నాను. తలొంచి కాగితం వంక చూశాను. ఇంగ్లీషు రాత అంటే నాకు ఎప్పుడూ చీమలబారు లాగా కనపడేది. ఆ రోజు ఆ చీమల మధ్య నాలుగో వరుసలో రెండు గుంజలూ అడ్డకర్రా కనపడ్డాయి. నా కళ్లే మోసం చేస్తున్నాయనుకున్నాను. వెనక అక్షరాలు లెక్కపెట్టాను, నాలుగు. ఆ కింది వరుసలో మళ్లీ అదే మాట. దాని పక్కన అమ్మకం.

మీకు ఎలా చెప్పను.  గుర్తు పెడితే ఇల్లు పోతుంది. పెట్టకపోతే పిండి పోతుంది, చెయ్యి పోతుంది, మనిషే పోవచ్చు. గొడ్డలితో తవ్విన ఆ రెండు చిన్న గోతులే కళ్ల ముందు మెదిలాయి.

"ఈ కాగితం ఆదివారం దాకా ఇంటికి తీసుకెళ్లనా అయ్యా," అన్నాను. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది.

"కాగితాలు కొట్టు దాటవమ్మా."

"ఇందులో మా ఇల్లు ఉందండీ."

పొయ్యి దగ్గరి మగవాళ్లు ఇటు తిరిగారు. దొరకి కోపం రాలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పసిపిల్లని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"ఎవరు నేర్పారు నీకు?"

అప్పుడు వచ్చింది అసలు భయం. మార్సెలీన్ బడి జీతంలో సగం ఇచ్చేది ఆ కొట్టే. ఆ వంటింట్లో కూర్చున్న ఎనిమిదిమంది ఖాతాలూ ఆ పెద్ద పుస్తకంలోనే ఉన్నాయి. నా నాలుక కొస మీద ఎనిమిది వంటిళ్లు వేలాడుతున్నాయి. పొయ్యి దగ్గర నిలబడ్డ దొమితీల్ మొగుడు టోపీ నలిపేస్తున్నాడు, నా వైపు చూడడం లేదు.

"మా నాన్న కట్టిన ఇల్లండీ," అన్నాను. "దాని మొహం నేను గుర్తుపట్టనా?"

కలం పీపా మీద పెట్టేశాను.  దొర పుస్తకం తెరిచి, మా పేరున్న పేజీ వెతికి, దాని మీద అడ్డంగా ఒక గీత గీశాడు. గుమస్తాని ఆ పీపా లోపల పెట్టేయమన్నాడు.  ఖాళీ మంచుబండి లాక్కుంటూ ఇంటికి వచ్చాను. తేలిగ్గా ఉన్న బండి అంత బరువుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

 మీ తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి పిల్లలకి వేడినీళ్లలో పాకం కలిపి ఇచ్చాను.

ఆదివారం పూజకి వెళ్లలేదు, జనం మొహం చూడలేక. మధ్యాహ్నానికి మా వంటింటి తలుపు తెరుచుకుని ఒక్కొక్కరే వచ్చారు. చట్రం లేదు, ఉన్ని లేదు. ఈసారి ముగ్గురి మొగుళ్లు కూడా వచ్చారు. మార్సెలీన్ శాలువా కింద నుంచి టీ ఆకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో ముప్ఫై ఒక్క డాలర్ల నలభై సెంట్లు ఉన్నాయి. గుడ్లమ్మి, దారినపోయే బేరగాళ్లకి తివాచీ ముక్కలమ్మి, ఐదేసి సెంట్లతో మొదలుపెట్టి, వీలైనప్పుడు పాతికేసిగా వేసినవి. సంఘానికి ప్రభుత్వం అనుమతి కాగితం కిందటి నెలలోనే వచ్చిందనీ, చలికాలం చదువు ఇక చాలని పొద్దున పూజ అయ్యాక ఫాదర్ అన్నాడనీ చెప్పింది.

దొమితీల్ డబ్బా నా వైపు తోసింది. తీసుకో, లెక్కలు తర్వాత అంది. మార్సెలీన్ దాన్ని మళ్లీ వెనక్కి లాగింది. "లెక్కలు తర్వాత అనేది కొట్టులో మాట. ఇక్కడ ముందే."

అని నన్ను నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది. పిండి ఎన్నాళ్లు వస్తుంది, రోజుకి ఎంత వాడతావు, డాక్టరుకి ఎంత, తాడు ఎంత, లాబ్‌స్టర్లు పడకపోతే దేంతో తీరుస్తావు, చెయ్యి బాగుపడకపోతే పడవలోకి ఎవరు వెళతారు. మా ఆయన పక్క గదిలో వింటున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరుగుపొరుగు ముందు నా పిండి పీపా అడుగు దాకా తీసి చూపించాలి. కొట్టులో కంటే ఇక్కడే ఎక్కువ సిగ్గుపడ్డాను, నిజం చెబుతున్నాను. కానీ అడిగే కొద్దీ నా నోటి నుంచి జవాబులు వస్తున్నాయి. రోజుకి నాలుగు పిడికిళ్లు. బోనుల్లో ముప్ఫై అమ్మేయొచ్చు. పడవలోకి ఫిదేల్ చిన్నాన్న వస్తాడు, మూడో వంతు వాటాకి. నా సంసారం ఎంతలో నడుస్తుందో నాకు తెలుసని నాకే అంతవరకూ తెలియదు. పద్దెనిమిది డాలర్లు చాలు అని తేలింది. ముప్ఫై ఒకటీ ఇస్తే తీసుకునేదాన్నే, తీసుకుని మునిగేదాన్నే.

ఆ తర్వాత మార్సెలీన్ అందరి వంకా చూసింది. "ఈ డబ్బు ఈ గుమ్మం దాటితే రేపటికి దొరకి తెలుస్తుంది. ఎవరెవరికి ఇష్టమో చేతులెత్తండి. ఎత్తనివాళ్లని ఎవరూ ఏమీ అనరు."

 అందరికీ పిల్లలున్నారు. అందరి ఖాతాలూ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. దొమితీల్ మొగుడు, నిన్న కొట్టులో తల వంచుకున్నవాడు, ముందు చెయ్యెత్తాడు.  తర్వాత ఒక్కొక్కటే లేచాయి. ఒకామె ఏడుస్తూ ఎత్తింది. ఒకామె ఎత్తలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

కాగితం మా ఫ్రెంచిలోనే రాశారు. మార్సెలీన్ చదివింది. నేను కలం పట్టుకుని, ఇంకోసారి చదవమన్నాను. చదివింది. నేను తలొంచి ఒక్కో వరుసా వేలుతో వెతికాను. ఇల్లు ఎక్కడైనా ఉందా అని.

దొమితీల్ మొహం మాడిపోయింది. "మేమా నీ ఇల్లు లాక్కునేది?"

"నోరు మూసుకో," అంది మార్సెలీన్. "చలికాలమంతా ఇందుకేగా కూర్చున్నది. నా కాగితం కూడా వెతకాల్సిందే."

ఇల్లు లేదు. పడవ లేదు. నా పేరులోని అక్షరాలన్నీ, వంకరగా, ఒక దాని మీద ఒకటి ఎక్కేలా రాశాను. అది నేను కాగితం మీద రాసిన మొదటి పేరు.

దొమితీల్ మొగుడు గడ్డకట్టిన సముద్రం మీదుగా గుర్రబ్బండి కట్టుకుని పట్నం వెళ్లి పిండి తెచ్చాడు, డాక్టర్ని తెచ్చాడు. మీ తాతకి రెండు వేళ్లు పోయాయి, చెయ్యి మిగిలింది. దొర ఊరికే ఉంటాడా, మే నెలలో మాలో ఎవరి లాబ్‌స్టర్లూ కొననన్నాడు. వేసవంతా ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి. పది మైళ్లు పడవ నడిపి పక్క రేవులో అమ్ముకున్నాం. తలుపు చప్పుడైతే గుమస్తా అనుకునేదాన్ని. సెప్టెంబరులో చివరి డాలరు కట్టాక మార్సెలీన్ నా కాగితం అందరి ముందూ చించింది. ఆ రోజు కూడా నాకు సంతోషం రాలేదు, నిద్ర వచ్చింది. బల్ల మీదే తల పెట్టి పడుకున్నాను.

ఇదీ సంగతి. రేపు మీకూ పిల్లలు పుడతారు, వాళ్ల ముందుకీ ఎవరో ఒకరు నవ్వుతూ కాగితం తోస్తారు. అప్పుడు ఈ కథ గుర్తు తెచ్చుకుని వాళ్లకి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం మా అమ్మమ్మ మహా ధైర్యవంతురాలు అని కల్పించకండి. అలా చెబితే, భయపడేవాళ్లు ఈ కథ మాది కాదనుకుంటారు. మోకాళ్లు వణికాయని చెప్పండి, గొంతు పోయిందని చెప్పండి, అయినా అడిగిందని చెప్పండి. అంతే చెప్పండి, చాలు.